తెల్లకోటు దారి తెలిసినవారు

అమెరికా సంయుక్త రాష్ట్రాల 2020 జనాభా లెక్కల్లో 6 కోట్ల 21 లక్షల మంది, అంటే దాదాపు ప్రతి అయిదుగురిలో ఒకరు, లాటినోలుగా నమోదయ్యారు. మెక్సికో, ప్యూర్టోరికో, క్యూబా, ఎల్ సాల్వడార్, గ్వాటెమాలా వంటి లాటిన్ అమెరికా ప్రాంతాల మూలాలున్న వారందరినీ కలిపి ఈ పేరుతో వ్యవహరిస్తారు. ప్రభుత్వ పత్రాల్లో ఇదే సమూహానికి హిస్పానిక్ అన్న మాటా కనిపిస్తుంది. పొలం పనుల కోసం నిన్నమొన్న సరిహద్దు దాటి వచ్చినవారితో పాటు, టెక్సాస్, కాలిఫోర్నియా ఇంకా మెక్సికోలో భాగంగా ఉన్న కాలం నుంచీ అక్కడే స్థిరపడిన కుటుంబాలూ వీరిలో ఉన్నాయి. ఇంత పెద్ద సమూహం నుంచి వైద్య వృత్తిలోకి వచ్చినవారు మాత్రం బహు స్వల్పం. అమెరికా వైద్య కళాశాలల సంఘం 2018లో లెక్క తీసినప్పుడు వృత్తిలో ఉన్న వైద్యుల్లో లాటినోలు 5.8 శాతమే ఉన్నారు.

ఈ అంతరం కాలక్రమంలో దానంతటదే తగ్గుతుందని అనుకోవడానికి ఆధారం లేదు. 1980లో లక్ష మంది లాటినో జనాభాకు 135 మంది లాటినో వైద్యులుండగా 2010 నాటికి ఆ సంఖ్య 105కు పడిపోయిందని, అదే కాలంలో తెల్లజాతీయుల విషయంలో లక్షకు 211 నుంచి 315కు పెరిగిందని 2015లో అచ్చయిన ఒక అధ్యయనం తేల్చింది. లాటినో వైద్యుల సంఖ్య పెరగలేదని దీని అర్థం కాదు. పెరిగింది గానీ జనాభా అంతకంటె వేగంగా పెరిగింది. రాష్ట్ర జనాభాలో 40 శాతానికి చేరువగా లాటినోలున్న కాలిఫోర్నియాలో, వైద్యుల సంఖ్య ఇదే తీరున సాగితే వారి వాటా జనాభా వాటాను అందుకోవడానికి అయిదు శతాబ్దాలు పడుతుందని లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు అంచనా కట్టారు. ఈ పరిస్థితిని మార్చడానికి అక్కడ సాగుతున్న ప్రయత్నాల్లో ముఖ్యమైనది మెంటరింగ్. ఒక దారిలో ముందుగా నడిచి వెళ్లినవారు, ఆ దారిలోకి రాదలచిన విద్యార్థికి ఏళ్ల తరబడి తోడుండి, ఎప్పుడేం చేయాలో చెబుతూ, చదువులో, దరఖాస్తుల్లో, నిరాశ కలిగిన వేళల్లో ఆసరా ఇవ్వడాన్నే ఈ మాట సూచిస్తుంది.

వైద్యుడిదీ రోగిదీ ఒకే సమూహం కావాలా అన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. మంచి వైద్యుడు ఏ సమూహం వాడైనా మంచి వైద్యుడే. అందులో వివాదం లేదు. అయితే వైద్యులు ఎక్కడ స్థిరపడతారు, ఎవరికి వైద్యం చేస్తారు అన్నది వేరే విషయం. లాటినో వైద్యులు ఇతరులకంటె చాలా ఎక్కువగా లాటినో రోగులను చూస్తున్నారని, వైద్యుల కొరత ఉన్న ప్రాంతాలకు వెళ్లేవారిలో అల్పసంఖ్యాక వర్గాల వైద్యుల పాలు పెద్దదని 1996లో కాలిఫోర్నియా వైద్యులపై జరిగిన ఒక ప్రసిద్ధ పరిశీలన చూపింది. దీనికి భాష కూడా తోడవుతుంది. ఇంగ్లిష్ రాని తల్లికి పరీక్షా గదిలో పదేళ్ల కూతురు దుబాసీగా నిలబడి, కడుపునొప్పి మొదలుకొని గర్భసంచి జబ్బుల దాకా అన్నీ తానే డాక్టరుకు చెప్పి, డాక్టరు చెప్పినవి తిరిగి తల్లికి చెప్పడం వలస కుటుంబాల్లో ఎంత మామూలుగా జరిగేదంటే, అత్యవసర సందర్భాల్లో తప్ప పిల్లలను అలా వాడుకోరాదని 2016లో కేంద్ర ప్రభుత్వం నిబంధన విధించవలసి వచ్చింది. వైద్య విద్యకు దరఖాస్తు చేసే లాటినో విద్యార్థుల్లో చాలామంది తమ ఆసక్తికి మూలం ఈ దుబాసీ అనుభవమేనని చెప్పుకుంటారు.

ఆసక్తి ఉన్నచోట తెలివి లేకపోలేదు. మరి ఈ పిల్లలు ఎక్కడ ఆగిపోతున్నారో తెలియాలంటే అమెరికాలో వైద్యుడయ్యే క్రమం తెలియాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఇంటర్మీడియట్ బైపీసీ ముగించిన విద్యార్థి నీట్ రాస్తాడు. ఆ ర్యాంకూ, రిజర్వేషన్ వర్గమూ, స్థానికతా కలిసి సీటును నిర్ణయిస్తాయి. పరీక్ష కష్టమైనదే అయినా నియమాలు పల్లెటూరి విద్యార్థికీ తెలిసినవే. అమెరికాలో పన్నెండో తరగతి తర్వాత నాలుగేళ్ల డిగ్రీ, ఆపైన నాలుగేళ్ల వైద్య కళాశాల, ఆపైన ఎంచుకున్న విభాగాన్ని బట్టి మూడు నుంచి ఏడేళ్ల వరకు ఆసుపత్రిలో పనిచేస్తూ నేర్చుకునే రెసిడెన్సీ ఉంటాయి. డిగ్రీలో ఏ ప్రధాన విషయం తీసుకున్నా జీవశాస్త్రం, రసాయనశాస్త్రం, ఆర్గానిక్ కెమిస్ట్రీ, భౌతికశాస్త్రం ప్రయోగశాల తరగతులతో సహా చదవాలి. ఆ తర్వాత ఎంక్యాట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. విరామాలతో కలిపి సుమారు ఏడున్నర గంటలు సాగే ఈ పరీక్షలో 472 నుంచి 528 మధ్య మార్కులిస్తారు.

అసలు చిక్కు మార్కులతో పోదు. వైద్య కళాశాలలు విద్యార్థిని సమగ్రంగా తూచే పద్ధతిని పాటిస్తాయి కనుక, ఒక వైద్యుడు రోగులను చూస్తుండగా వెంట ఉండి గమనించే షాడోయింగ్, ఆసుపత్రుల్లో స్వచ్ఛంద సేవ, ప్రయోగశాలలో పరిశోధన, ఆచార్యుల సిఫారసు లేఖలు, వైద్యుడు కావాలని ఎందుకు కోరుకుంటున్నదీ తెలిపే వ్యక్తిగత వ్యాసం, చివర ఇంటర్వ్యూ ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. ఇందులో ఏది ఎన్ని గంటలు చేస్తే చాలునో, ఏ ఆచార్యుడిని ఎప్పుడు లేఖ అడగాలో ఏ నోటిఫికేషనూ చెప్పదు. తండ్రి కార్డియాలజిస్టు, మేనత్త పిల్లల డాక్టరు అయిన ఇంట్లో పుట్టిన విద్యార్థికి ఈ సంగతులు భోజనాల బల్ల దగ్గరే తెలిసిపోతాయి. షాడోయింగ్‌కు తండ్రి స్నేహితుడికి ఒక ఫోన్ చాలు. తల్లి హోటల్ గదులు శుభ్రం చేసే ఇంట్లో ఆ ఫోన్ చేయగలిగిన మనిషి ఉండడు. అమెరికా వైద్య విద్యార్థుల్లో సుమారు నాలుగింట మూడొంతుల మంది ఆదాయపు మెట్లలో పైనున్న రెండు అయిదోవంతుల కుటుంబాల నుంచే వస్తున్నారని వైద్య కళాశాలల సంఘమే అనేక సంవత్సరాల లెక్కలతో చూపింది. అంటే ఆ దారి గురించిన తెలివిడి కూడా ఒక విధంగా వారసత్వపు ఆస్తే. మెంటర్ చేసే పని, ఆ ఆస్తి రాని విద్యార్థికి దాన్ని బయటినుంచి సమకూర్చడం.

తెలుగు పాఠకులు గమనించవలసిన తేడా ఇంకొకటుంది. అమెరికా వైద్య కళాశాలల్లో సీట్ల రిజర్వేషన్ లేదు. దాన్ని చట్టవిరుద్ధం చేసిన తీర్పు ఒక వైద్య కళాశాల కేసులోనే వచ్చింది. డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ వైద్య కళాశాల 100 సీట్లలో 16 అల్పసంఖ్యాక వర్గాలకు కేటాయించగా, ప్రవేశం దొరకని అలన్ బాకీ అనే తెల్లజాతి అభ్యర్థి వేసిన దావాలో సుప్రీంకోర్టు 1978లో ఆ కోటాను కొట్టివేసింది, జాతిని అనేక అంశాల్లో ఒకటిగా పరిగణించడాన్ని మాత్రం అనుమతించింది. 1996లో కాలిఫోర్నియా ఓటర్లు తమ ప్రభుత్వ విద్యాసంస్థల్లో ఆ మాత్రం వెసులుబాటునూ రద్దు చేశారు. 2023 జూన్ 29న సుప్రీంకోర్టు దేశమంతటా రద్దు చేసింది. కోటా లేనిచోట భారమంతా విద్యార్థిని ముందునుంచి తయారుచేయడం మీదే పడుతుంది. మెంటరింగ్ పథకాలు అక్కడ అంత విస్తారంగా పెరగడానికి, బహుశా, దాతృత్వం కంటె ఈ చట్టస్థితే పెద్ద కారణం.

ఆ తయారీ ఎంత ముందుగా మొదలు కావాలన్న దానికి ఫ్రెజ్నో మంచి ఉదాహరణ. ఆ పట్టణం ఉన్న, కాలిఫోర్నియా మధ్యలోని శాన్ వాకీన్ లోయ ద్రాక్ష, బాదం, కూరగాయలతో దేశాన్ని పోషించే ప్రాంతం. ఆ పంటలు కోసేవారిలో అత్యధికులు మెక్సికో మూలాల కూలీలు, జనాభాతో పోలిస్తే డాక్టర్లు చాలా తక్కువ. అక్కడ పనిచేసే కుటుంబ వైద్యురాలు, వలస వ్యవసాయ కూలీల కుటుంబంలో పెరిగిన క్యాథరిన్ ఫ్లోరెస్ చొరవతో 1999లో సన్నీసైడ్ హైస్కూల్లో డాక్టర్స్ అకాడమీ మొదలైంది. ఇది బడిలోపలి బడి. తొమ్మిదో తరగతిలో చేరిన విద్యార్థి నాలుగేళ్లూ అదే బృందంతో కలిసి కఠినమైన విజ్ఞాన, గణిత పాఠాలు చదువుతాడు, కళాశాల ప్రవేశ పరీక్షలకు తర్ఫీదు పొందుతాడు, వేసవిలో ఆసుపత్రి విభాగాల్లో తిరిగి పని చూస్తాడు. తర్వాత మాధ్యమిక పాఠశాలల్లో దీనికి పునాదిగా జూనియర్ అకాడమీలు వెలిశాయి. ఎనిమిదో తరగతిలో బీజగణితం దాటని పిల్లవాడు పన్నెండో తరగతికి కాల్క్యులస్ అందుకోలేడు, అందుకోనివాడు డిగ్రీలో రసాయనశాస్త్రం దగ్గర తడబడతాడు కనుక, వైద్య కళాశాల తలుపు నిజానికి పదమూడో ఏటే సగం మూసుకుపోతుంది. తల్లిదండ్రులను కూడా పిలిచి స్పానిష్‌లో మాట్లాడడం ఇలాంటి పథకాల్లో తప్పనిసరి భాగం. పద్దెనిమిదేళ్ల కూతురిని వందల మైళ్ల దూరంలోని విశ్వవిద్యాలయానికి పంపడం, సంపాదించగల వయసు వచ్చిన కొడుకును మరో పదకొండేళ్లు చదివించడం ఆ ఇళ్లలో చిన్న నిర్ణయాలు కావు, వాటికి పెద్దలను ఒప్పించే బాధ్యత పిల్లల మీద వదిలేస్తే చాలా సందర్భాల్లో చదువే ఆగిపోతుంది.

డిగ్రీ దశలో సమస్య స్వరూపం మారుతుంది. లాటినో విద్యార్థుల్లో చాలామంది ఇంటి దగ్గరి, ఫీజు తక్కువైన రెండేళ్ల కమ్యూనిటీ కాలేజీలో చదువు మొదలుపెట్టి ఆపై విశ్వవిద్యాలయానికి మారతారు. ఇలా మారిన మొదటి సంవత్సరంలోనే, వారానికి ఇరవై గంటలు ఉద్యోగం చేస్తూ, మూడొందల మంది కూర్చునే హాల్లో ఆర్గానిక్ కెమిస్ట్రీ వినే విద్యార్థికి సి గ్రేడు వస్తే ఏం జరుగుతుందో చూడాలి. సలహా కార్యాలయంలో ఎవరో ఒకరు మెడిసిన్ నీకు కుదరదేమోనని సౌమ్యంగానే అంటారు, విద్యార్థి నమ్ముతాడు, ఎందుకంటే ఆ మాటను కాదనగలిగిన అనుభవం ఇంట్లో ఎవరికీ ఉండదు. మెంటర్ ఉన్నచోట సంభాషణ వేరుగా నడుస్తుంది: ఈ సెమిస్టరులో పని గంటలు తగ్గించుకోవడం సాధ్యమా, అదే కోర్సు మళ్లీ చదివితే దరఖాస్తులో రెండు గ్రేడులూ కనిపిస్తాయి గనుక అది లాభమా లేక పై స్థాయి బయోకెమిస్ట్రీలో ఎ తెచ్చుకోవడం మేలా, ఎంక్యాట్‌ను ఒక ఏడాది వాయిదా వేయాలా అన్న లెక్కలు వేసుకుంటారు. స్ఫూర్తినిచ్చే ఉపన్యాసాలకంటె ఇలాంటి లెక్కలే ఎక్కువమందిని నిలబెడతాయి. వైద్య కళాశాలల్లో చదివే లాటినో విద్యార్థుల సంఘం, 1970ల ఆరంభంలో చికానో (మెక్సికో మూలాల అమెరికన్), ప్యూర్టోరికన్ విద్యార్థులు పెట్టుకున్న సంస్థల వారసత్వంతో నడుస్తూ, సరిగ్గా ఈ పనిని శాఖలవారీగా చేస్తోంది. వైద్య విద్యార్థి డిగ్రీ విద్యార్థికి, డిగ్రీ విద్యార్థి హైస్కూలు విద్యార్థికి చేయి అందిస్తారు. నాలుగైదేళ్లు మాత్రమే పెద్దయిన మెంటర్‌కు గత సంవత్సరం ఇంటర్వ్యూలో ఏమడిగారో గుర్తుంటుంది. ముప్పయ్యేళ్ల అనుభవమున్న సర్జన్‌కు గుర్తుండదు.

పథకాల్లో రెండు ప్రత్యేకంగా చెప్పుకోదగినవి. 1988లో రాబర్ట్ వుడ్ జాన్సన్ ఫౌండేషన్ ధనంతో మొదలై, పేర్లు మారుతూ ఎస్‌హెచ్‌పీఈపీ అనే పొట్టి పేరు పొందిన వేసవి శిబిరం డిగ్రీ మొదటి రెండేళ్ల విద్యార్థులకు ఆరు వారాలు ఉచితంగా వసతి, బోధన, ఆసుపత్రి అనుభవం కల్పిస్తుంది. టెక్సాస్ శాసనసభ 2001లో చట్టం చేసి నెలకొల్పిన జాంప్ అనే పథకం మరింత సాహసోపేతమైనది. ఆర్థికంగా వెనుకబడిన డిగ్రీ విద్యార్థులను ముందే ఎంపిక చేసి, ఉపకారవేతనం, వేసవి శిక్షణ, ఎంక్యాట్ తయారీ, మెంటరింగ్ ఇచ్చి, నిర్దేశించిన ప్రమాణాలు అందుకుంటే రాష్ట్రంలోని ఏదో ఒక వైద్య కళాశాలలో సీటుకు హామీ ఇస్తుంది. జాతి ప్రసక్తి లేకుండా ఆదాయమే కొలమానం కావడంతో, జాతి ఆధారిత ప్రవేశాలపై తీర్పులు వచ్చినా దీని పునాది కదలలేదు. అదే రాష్ట్రంలో, జనాభాలో పదింట తొమ్మిది వంతుల మంది లాటినోలైన రియో గ్రాండే లోయలో 2016లో 55 మందితో కొత్త వైద్య కళాశాల తెరిచారు.

మొదటిసారి సీటు రానివారి కోసం మరొక ఏర్పాటు ఉంది. డిగ్రీ తర్వాత ఒక ఏడాది పాటు విజ్ఞాన కోర్సులు, ఎంక్యాట్ శిక్షణ, దరఖాస్తు సలహా కలిపి ఇచ్చే పోస్ట్‌బ్యాక్ శిక్షణను కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు అయిదు వైద్య కళాశాలలు నడిపాయి. వాటిలో చేరినవారిలో 67.6 శాతం మంది తర్వాత వైద్య కళాశాలల్లో చేరగా, దరఖాస్తు చేసి అందులో చేరనివారిలో 22.5 శాతం మందే చేరగలిగారని 2006లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చిన అధ్యయనం నమోదు చేసింది. తేడాలో కొంత, చేరినవారి స్వంత పట్టుదలది కావచ్చు. మిగిలినది కూడా చాలా పెద్దదే.

విజయగాథలకు ఈ రంగంలో కొదవలేదు. 1987లో మెక్సికాలి నుంచి సరిహద్దు కంచె దాటి వచ్చి, శాన్ వాకీన్ లోయ పొలాల్లో కలుపు తీసి, స్టాక్టన్‌లోని కమ్యూనిటీ కాలేజీలో రాత్రిపూట ఇంగ్లిష్ నేర్చుకుని, బర్క్లీ, హార్వర్డ్‌లలో చదివి మెదడు శస్త్రచికిత్సలో ప్రపంచ ప్రసిద్ధుడైన అల్ఫ్రెడో కిన్యోనెస్ ఇనోహోసా పేరు ప్రతి సభలోనూ వినిపిస్తుంది. ప్యూర్టోరికోలోని ఫహార్దో పట్టణంలో పుట్టి, పెద్దపేగు జన్మలోపంతో బాల్యమంతా ఆసుపత్రుల చుట్టూ తిరిగి, 1990లో దేశపు సర్జన్ జనరల్ పదవి చేపట్టిన తొలి మహిళ, తొలి హిస్పానిక్ అయిన అంటోనియా నొవెల్లో మరొకరు. ఇలాంటి జీవితాలు పిల్లలకు ధైర్యమిస్తాయి, నిజమే. కానీ అసాధారణ ప్రతిభావంతుల కథలే చెబుతూ పోతే, వైద్యుడు కావాలంటే అసాధారణుడు కాక తప్పదన్న అభిప్రాయం మిగిలే ప్రమాదమూ ఉంది. సంపన్న కుటుంబాల నుంచి ఏటా వైద్యులవుతున్న వేలమందిలో చాలామంది మామూలు తెలివితేటలూ మంచి క్రమశిక్షణా ఉన్నవారే.

డబ్బు సంగతి ఉపన్యాసాల్లో అంతగా వినపడదు. వైద్య కళాశాలలకు కేంద్రీకృత దరఖాస్తు పంపడానికే మొదటి కళాశాలకు సుమారు 175 డాలర్లు, ఆపై ప్రతి కళాశాలకు నలభై డాలర్లకు పైగా కట్టాలి. విద్యార్థులు పదిహేను ఇరవై కళాశాలలకు పంపుతారు. తక్కువ ఆదాయం ఉన్నవారికి ఎంక్యాట్ రుసుము తగ్గించి, ఇరవై కళాశాలల వరకు దరఖాస్తు రుసుము మాఫీ చేసే సహాయ పథకాన్ని వైద్య కళాశాలల సంఘం నడుపుతున్నా, పరీక్షకు పేరు నమోదు చేసుకోకముందే దానికి దరఖాస్తు చేసుకుంటేనే పూర్తి ఫలితం. ఆ సంగతి ఆలస్యంగా తెలిసి వందల డాలర్లు నష్టపోయేవారున్నారు. అర్హత ఉన్నవాడికి ఈ ఒక్క సమాచారం సకాలంలో చేర్చినా మెంటర్ చాలా చేసినట్టే. చదువు ముగిసేసరికి అప్పు చేసినవారి నెత్తిన సగటున రెండు లక్షల డాలర్ల రుణం ఉంటుంది. చిన్నతనంలో పత్రాలు లేకుండా దేశంలోకి వచ్చినవారికి కేంద్ర ప్రభుత్వ విద్యా రుణమూ అందదు. 2012లో వచ్చిన డాకా అనే తాత్కాలిక రక్షణ పొందిన అలాంటి విద్యార్థులకు షికాగో శివారులోని లయోలా స్ట్రిచ్ వైద్య కళాశాల మొట్టమొదట బహిరంగంగా తలుపు తెరిచింది.

వైద్యరంగమంటే డాక్టర్లు మాత్రమే కాదు. 2020 జాతీయ సర్వేలో రిజిస్టర్డ్ నర్సుల్లో లాటినోలు 5.6 శాతమే, పనామాలో పుట్టిన ఇల్దౌరా మురియో రోడే 1975లో హిస్పానిక్ నర్సుల జాతీయ సంఘాన్ని నెలకొల్పినప్పటి ఆరాటం నేటికీ తీరలేదు. ఇళ్లకు వెళ్లి వృద్ధులకు సేవ చేసే సహాయకులు, క్లినిక్‌లలో రక్తపోటు చూసే మెడికల్ అసిస్టెంట్లు వంటి తక్కువ జీతపు ఉద్యోగాల్లో మాత్రం వారు కావలసినంతమంది కనిపిస్తారు. అందువల్ల మెంటర్ ఇక్కడ నాజూకుగా వ్యవహరించాలి. నర్సింగ్ గొప్ప వృత్తి. దాన్ని కోరుకున్న విద్యార్థికి ఆ దారే చూపాలి. డాక్టరు కావాలనుకున్న అమ్మాయికి నర్సింగ్ సులభమని నచ్చజెప్పడం వేరు, అది సలహా పేరుతో ఆశను కుదించడమే. లాటినా విద్యార్థినుల ఫిర్యాదుల్లో ఇది తరచుగా వినిపిస్తుంది.

వైద్యుల కొరతను ఆ దేశం కొంతవరకు బయటినుంచి వచ్చినవారితో పూడ్చుకుంటోంది. అమెరికా వైద్యుల్లో సుమారు నాలుగోవంతు విదేశాల్లో చదివి వచ్చినవారు, వారిలో భారతీయులది అతిపెద్ద బృందం. గుంటూరు, విశాఖ, హైదరాబాదు కళాశాలల్లో ఎంబీబీఎస్ చదివి అక్కడి అర్హత పరీక్షలు నెగ్గిన తెలుగువారూ అందులో గణనీయంగా ఉన్నారు. వైద్యులు దొరకని ప్రాంతంలో మూడేళ్లు పనిచేస్తే వీసా నిబంధన సడలించే కాన్రాడ్ పథకం 1994 నుంచి ఇలాంటి వైద్యులను లాటినోలు అధికంగా ఉన్న పట్టణాలకూ చేర్చింది. అక్కడి కొరతను భారతీయ వైద్యుడు తీరుస్తున్నాడనడం సబబే, ఆ ఊరి పిల్లల నుంచి వైద్యులను తయారుచేయవలసిన అవసరాన్ని ఆ దేశం వాయిదా వేసుకోవడానికి అతడి రాక ఉపకరించిందన్న విమర్శ కూడా నిరాధారం కాదు.

2023 తీర్పు ప్రభావం అప్పుడే కనబడింది. 2024–25లో వైద్య కళాశాలల్లో కొత్తగా చేరిన హిస్పానిక్ విద్యార్థుల సంఖ్య అంతకుముందు ఏడాదికంటె 10.8 శాతం తగ్గింది. ఇదే సమయంలో మెంటర్లుగా ఉండవలసిన లాటినో అధ్యాపకులు కొద్దిమందే కావడంతో, ప్రతి కమిటీకీ, ప్రతి విద్యార్థి బృందానికీ వారినే పిలుస్తారు. ఆ గంటలు పదోన్నతిలో పరిశోధనా పత్రాలతో సమానంగా లెక్కకు రావు. వైద్య విద్యా సాహిత్యంలో దీన్ని మైనారిటీ పన్ను అంటున్నారు. మంచి మెంటర్ చివరికి ప్రొఫెసర్ కాలేక విశ్వవిద్యాలయాన్నే వదిలివెళితే తర్వాతి విద్యార్థికి ఆయన దొరకడు గనుక, మెంటరింగ్‌ను ఉద్యోగ బాధ్యతగా గుర్తించి దానికి వేళనూ జీతాన్నీ కేటాయించాలన్న వాదన బలపడుతోంది.

నిధుల కాలపరిమితి దీనికంటె మొండి సమస్య. ఈ ఏడాది తొమ్మిదో తరగతిలో చేరిన విద్యార్థి, ఎక్కడా ఆగకుండా సాగినా, స్వతంత్రంగా రోగులను చూసే కుటుంబ వైద్యుడు కావడానికి పదిహేనేళ్లు పడుతుంది. పథకాలకు ప్రభుత్వమిచ్చే గ్రాంటు సాధారణంగా అయిదేళ్లకు ముగుస్తుంది. 2006లో అమెరికా కాంగ్రెస్ ఈ గ్రాంట్ల నిధులను బాగా కోసివేసినప్పుడు అనేక చోట్ల శిబిరాలు మూతపడ్డాయి. అప్పుడు తొమ్మిదో తరగతిలో ఉన్నవారు డాక్టర్లుగా బయటికి రావలసిన సంవత్సరం 2021. దేశం కోవిడ్‌తో సతమతమవుతూ, స్పానిష్ తెలిసిన వైద్యుల కోసం ఆసుపత్రులు వెతుక్కున్న కాలం అది.